తెగి తెగి వచ్చు ఇంటర్నెట్టు: నిదానము లేక మందు వేయరాదు



మన సంఘ సభ్యులలో పలువురి యిండ్లకు ఇంటర్నెట్టు తీగ వచ్చియున్నది. కొన్ని యిండ్లలో అది సంవత్సరమంతయు చక్కగా పనిచేయుచున్నది; మఱికొన్ని యిండ్లలో గడియ వచ్చి గడియ పోవుచున్నది. బొత్తిగా రాని ఇంటర్నెట్టుకంటె ఇట్లు తెగి తెగి వచ్చు ఇంటర్నెట్టే రైతునకు ఎక్కువ చిక్కు కలిగించునని నా యభిప్రాయము. ఏలయన, బొత్తిగా తెగిన తీగను పనివాడు వచ్చి చూచి, తెగిన చోటు కనిపెట్టి, అతికించి పోవును. తెగి తెగి వచ్చునది చలిజ్వరము వంటిది. రోగి వణకుచున్నప్పుడు వైద్యుడుండడు. వైద్యుడు వచ్చి నాడి పట్టునప్పటికి జ్వరముండదు. "మీ లైను బాగుగనే యున్నది" అని చెప్పి పనివాడు సెలవు తీసికొనును. అతడు వీధి మలుపు తిరుగకముందే పెట్టెమీది దీపము మరల ఎఱ్ఱబడును.

ఇట్టి సందర్భమున మనవారు సామాన్యముగ చేయు పనులు మూడు. ఒకటి, పెట్టెను మాటిమాటికి ఆర్పి వెలిగించుట. రెండు, అంగడివాని మాట నమ్మి క్రొత్త రౌటరు కొనుట. మూడు, నెలకు ఎక్కువ సొమ్ము చెల్లించి ఎక్కువ వేగముగల ప్లానునకు మారుట, లేదా కంపెనీనే మార్చుట. ఈ మూడును నిదానము లేక వేసిన మందులే. వరి ఆకు పసుపుబారినప్పుడు అది నత్రజని లోపమో, జింకు లోపమో, నీరు నిలిచినందువలన వేళ్లకు కలిగిన హానియో విచారింపక, దుకాణదారుడు చేతికిచ్చిన సీసా తెచ్చి పిచికారి చేయువానిని మనము మంచి రైతని చెప్పుకొనము. ఇంటర్నెట్టు విషయమున మాత్రము అట్లే చేయుట యెందులకు? ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఒక్కటే: ముందు పదునైదు దినములు ఒక నోటుబుక్కు వ్రాయుడు, ఆ తరువాతనే సొమ్ము ఖర్చుపెట్టుడు.

సేద్యమునకు దీనితో నేమి పని?

ఇంటర్నెట్టు పిల్లల వినోదమునకే గాని సేద్యమునకు గాదని తలచు పెద్దలు ఇంకను కొందఱు గలరు. మన దేశమున సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగష్టు 15వ తేదీన కొన్ని మహానగరములలో మాత్రమే లభ్యమైనది. ఆనాడు వారి మాట సరియే. కాని కాలము మారినది. 2016 ఏప్రిల్ 14వ తేదీన ఇ-నామ్ అను జాతీయ వ్యవసాయ విపణి ప్రారంభమై, ఒక యార్డులోని సరకు ధరను ఇంటనుండియే చూచుకొను వీలు కలిగించినది. 2017 డిసెంబరు 27వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ పథకమును నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిరి. విద్యుత్ స్తంభముల వెంబడి తీగ గ్రామములలోనికి వచ్చినది. 2019లో మొదలైన పి.ఎం. కిసాన్ పథకమున సంవత్సరమునకు 6,000 రూపాయలు మూడు వాయిదాలుగ నేరుగ బ్యాంకు ఖాతాకు చేరును. దానికై రైతు ఇ-కేవైసీ పూర్తి చేసికొనవలయును. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను 2,516 కోట్ల రూపాయల వ్యయముతో కంప్యూటరీకరించుటకు ఆమోదము తెలిపినది. అనగా మన అప్పు, మన వాటా, మన ఎరువుల లెక్క, అన్నియు ఈ తీగమీదనే నడచు రోజులు వచ్చినవి.

దరఖాస్తు నంతయు నింపి, చివరి మెట్టున ఓటీపీ వచ్చి, ఆ అంకెలు వ్రాయుచుండగా తీగ తెగినచో నేమగును? మరల మొదటికి రావలయును. అట్లు మూడు పర్యాయములు జరిగిన రైతు విసిగి, పట్టణమునకు బస్సెక్కి, ఒక దినపు కూలి పోగొట్టుకొని, మధ్యవర్తికి సొమ్మిచ్చి పని చేయించుకొనును. ఇంటనున్న తీగకు నెలనెల అద్దె కట్టుచునే, మధ్యవర్తికి మరల కట్టుట! ఇది చిన్న నష్టము కాదు.

నీరు తప్పిన చోటు వెదకునట్లు

నీరు చివరి మడికి చేరనప్పుడు అనుభవజ్ఞుడైన రైతు మడి గట్టుమీద కూర్చుండి ఎవరినో తిట్టుచుండడు. మడినుండి బోదె వెంబడి, బోదెనుండి పిల్లకాలువ వెంబడి, పిల్లకాలువనుండి తూమువఱకు నడచిపోవును. నీరున్న చోటునకును నీరు లేని చోటునకును నడుమనే గండి యుండునని అతనికి తెలియును. ఇంటర్నెట్టు లోపము వెదకు పద్ధతియు సరిగ్గా ఇదియే.

ఆ కాలువ యెట్లు వచ్చుచున్నదో చూతము. కంపెనీ వారి కేంద్రమునుండి సమాచారము వెలుతురు రూపమున ఫైబరు తీగలో ప్రయాణము చేయును. ఈ తీగలోని గాజుపోగు మందము మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. వెలుతురు నడచు నడిమి భాగము అందులో మరల పదునాలుగవ వంతు మాత్రమే. ఊరిలో స్తంభముమీద ఒక చిన్న పెట్టె యుండును. అందులో ఒక తీగ వెలుతురును 8, 16, 32 లేదా 64 పాయలుగ పంచుదురు. అచ్చటినుండి ఒక సన్నని తీగ మన యింటికి వచ్చును. ఇంటిలోని మోడెము పెట్టె ఆ వెలుతురును విద్యుత్ సంకేతముగ మార్చును. రౌటరు దానిని వైఫై ద్వారా గాలిలోనికి గాని, ల్యాన్ తీగ ద్వారా కంప్యూటరునకు గాని పంచిపెట్టును. పలుచోట్ల మోడెమును రౌటరును ఒకే పెట్టెలో నుండును. ఈ పెట్టెకు ప్రాణము గోడకు తగిలించిన చిన్న అడాప్టరు.

కావున గండి పడుటకు చోటులు నాలుగు: కరెంటు, వైఫై, ఇంటిలోని ఫైబరు, ఇంటి బయటి ఫైబరు. ఇంట గెలిచి రచ్చ గెలువుమను సామెత చొప్పున మొదటి మూడింటిని మనమే పరీక్షించుకొని, ఆ తరువాత నాలుగవదానిని గూర్చి కంపెనీవారిని నిలదీయుట న్యాయము.

నోటుబుక్కు వ్రాయు విధము

తెగిన ప్రతిసారియు ఆఱు సంగతులు వ్రాయవలయును. తేది, తెగిన గంట, నిమిషము, మరల వచ్చిన గంట, నిమిషము, ఆ సమయమున పెట్టెమీది దీపముల స్థితి, అప్పుడు కరెంటు, ఎండ, గాలి, వానల స్థితి, ఆ క్షణమున పొరుగింటివారికి ఇంటర్నెట్టు ఉన్నదా లేదా యనునది. బడికి పోవు పిల్లవాడు ఈ పని చేయగలడు. చూచినదానిని చూచినట్లు వ్రాయుట వానికి మంచి చదువు కూడ.

దీపముల సంగతి ముఖ్యము. సాధారణముగ పి.ఓ.ఎన్. అను దీపము పచ్చగ నిలిచి వెలుగుచున్నచో వెలుతురు చేరుచున్నదని యర్థము. అది మినుకుమినుకు మనుచున్నచో పెట్టె కేంద్రముతో కలియుటకు యత్నించుచున్నదని యర్థము. ఎల్.ఓ.ఎస్. అను దీపము ఎఱ్ఱగ వెలిగినచో వెలుతురు రాలేదని యర్థము. దీపములన్నియు ఒక్కసారిగ ఆరి మరల ఒకటొకటిగ వెలిగినచో తీగ తెగలేదు. పెట్టెకు కరెంటు తప్పినది. దీపములన్నియు సరిగా నుండి ఫోనులో మాత్రము రాకున్నచో వైఫై నైనను, కంపెనీ లోపలి వ్యవస్థ నైనను అనుమానింపవలయును.

పదునైదు దినములైన పిమ్మట ఆ పుటలు చదివినచో రోగము తన పేరు తానే చెప్పును. వీధిలో మోటార్లు వేయు వేళకే తెగుచున్నదా? కరెంటు లోపము. నడి మధ్యాహ్నమున రేకుల క్రింది పెట్టె వేడెక్కినప్పుడే తెగుచున్నదా? పెట్టెకు ఎండ దెబ్బ. గాలి వీచినప్పుడు తెగుచున్నదా? బయట తీగ ఎచ్చటనో ఊగి నలుగుచున్నది. వాన కురిసిన మరునాటివఱకు తెగుచున్నదా? అతుకులోనికి నీరు దిగినది. రాత్రి 7 గంటలు మొదలు 10 గంటలవఱకు నెమ్మదించి మిగిలిన వేళలలో బాగున్నదా? అది తెగుట కాదు, రద్దీ. ఇంటిలో నలుగురు చలనచిత్రములు చూచుచు, ఫోను తనంతట తాను ఫొటోలు పైకి పంపుచున్నచో అట్లగుచుండును. ఈ చివరి రోగమునకు మాత్రమే పెద్ద ప్లాను మందు కాగలదు. తక్కిన వానికి కాదు.

పింగ్ అను కొలబద్ద

దీపములతోబాటు మఱియొక సులభమైన పరీక్ష గలదు. పింగ్ అను చిన్న ప్రోగ్రామును 1983 డిసెంబరులో మైక్ మ్యూస్ అను అమెరికా దేశస్థుడు వ్రాసెను. జలాంతర్గాముల జాడ పట్టుటకు నీటిలోనికి శబ్దమును పంపి ప్రతిధ్వనిని వినుటవలెనే, ఇదియు ఒక పిలుపు పంపి జవాబునకై నిరీక్షించును. ఆ శబ్దమునుబట్టియే దానికాపేరు. కంప్యూటరులో ఇది ముందే యుండును; ఫోనునకు ఉచితముగ దొరకును.

మూడు పిలుపులు చాలును. మొదటిది మన రౌటరునకే. పలు పెట్టెలకు దాని సంఖ్య 192.168.1.1, కాకున్నచో పెట్టె అడుగున వ్రాసియుండును. రెండవది 8.8.8.8 అను బయటి సంఖ్యకు. మూడవది ఏదేని ప్రసిద్ధమైన వెబ్‌సైటు పేరునకు. తెగిన క్షణమున రౌటరు పలుకకున్నచో ల్యాన్ తీగ తగిలించి మరల పిలువుడు. అప్పుడు పలికినచో లోపము వైఫైలో నున్నది. రౌటరు పలికి 8.8.8.8 పలుకకున్నచో లోపము ఫైబరులోనో కంపెనీ వద్దనో యున్నది. సంఖ్య పలికి పేరు పలుకకున్నచో తీగ బాగున్నది. పేర్లను సంఖ్యలుగ మార్చు పట్టిక, డీఎన్ఎస్ అనునది, పని చేయుటలేదు. రౌటరులో ఆ స్థానమున 8.8.8.8 గాని 1.1.1.1 గాని వ్రాసినచో పలుమారు సరిపడును.

ఇచ్చట ఒక హెచ్చరిక. ఒక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేయుడు. ఎరువు పరీక్షించునప్పుడు ఒక మడికి వేసి ప్రక్క మడిని వేయక విడిచిపెట్టుదుము. విత్తనము, నీరు, అదను రెండింటికిని ఒకటే యుంచుదుము. అన్నియు ఒక్కసారి మార్చినచో పంట పండినను దేనివలన పండెనో తెలియదు. అడాప్టరు మార్చి, రౌటరు జరిపి, ప్లాను పెంచి, మూడును ఒకేనాడు చేసినవానికి రోగము కుదిరినను మందు తెలియదు. మరల వచ్చినప్పుడు మూడింటికిని మరల సొమ్ము పోయవలసినదే.

ఇంటిలో చేయదగిన చికిత్సలు

మొదట కరెంటు. అర నిమిషము కూడ గాక కనురెప్పపాటు కరెంటు పోయినను రౌటరు ఆరి, తిరిగి మేల్కొని, కేంద్రముతో కలియుటకు రెండు మూడు నిమిషములు పట్టును. దీపములు ఒక్కసారి మినుకుమన్నవని మనము గమనింపనే గమనింపము. ఇంటర్నెట్టు మూడు నిమిషములు పోయినదని మాత్రము చెప్పుకొందుము. ఇన్వర్టరున్న యింట కూడ కరెంటునుండి బ్యాటరీకి మారు సందున ఇట్లే జరుగును. ఇన్వర్టరు వెనుక యూపీఎస్ అని వ్రాసిన మీట యున్నచో దానిని ఆ వైపునకు త్రిప్పుట మేలు. రౌటరుకు మాత్రమే పనికివచ్చు చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టెలును దొరకును. అడాప్టరు పాతబడినప్పుడు ఊరక చూచిన 12 వోల్టులు చూపును గాని బరువు పడగనే క్రుంగును. ముసలి యెద్దు కొట్టమున నిలిచినప్పుడు బాగుగనే కనబడును, కాడి మెడమీద పడినప్పుడు గదా దాని సంగతి తెలియును! అదే వోల్టులు, అంతకు తక్కువ కాని ఆంపియర్లు, అదే తీరు ముక్కు గల మఱియొక అడాప్టరును ఎరువు తెచ్చి రెండు దినములు పరీక్షించుడు.

రెండవది వైఫై. రౌటరు దగ్గర నిలిచినప్పుడు బాగుండి, వెనుకటి గదిలో తెగుచున్నచో ఫైబరును తిట్టి ప్రయోజనము లేదు. 2.4 గిగాహెర్ట్జుల తరంగము దూరము పోవును గాని పొరుగు రౌటర్ల రద్దీలో చిక్కుకొనును; 5 గిగాహెర్ట్జుల తరంగము వేగమైనది గాని మందపు గోడలను దాటలేదు. ఇనుప బీరువా, రేకు, నీటి డ్రమ్ము, తడిసిన మట్టిగోడ, ఇవి తరంగమునకు అడ్డు గట్టులు. పెట్టెను బీరువా వెనుకనుండి తీసి, ఇంటి నడుమ, మనిషి తల ఎత్తున, గాలి తగులు చోట నుంచుడు. పొరుగిండ్ల రౌటర్లు పలు గలచోట 2.4లో 1, 6, 11 అను మూడు ఛానెళ్లలో రద్దీ తక్కువగలదానిని ఎన్నుకొనుడు. ఈ మూడును ఒకదానిపై నొకటి పడవు.

మూడవది ఇంటిలోని ఫైబరు. ఇది త్రాడు కాదు, గాజు. మేకునకు చుట్టుట, తలుపు సందున నలుగనిచ్చుట, మంచపు కోటి క్రింద పెట్టుట కూడదు. వంపు తిప్పవలసినచో వలయపు అడ్డుకొలత 6 సెంటీమీటరులకు తగ్గకుండ చూచుకొనిన ఏ జాతి తీగకైనను భయములేదు. చివర ముక్కు ఆకుపచ్చనిదైనచో దాని మొన 8 డిగ్రీల ఏటవాలుగ చెక్కబడియుండును. నీలి ముక్కు మొన అట్లుండదు. ఒకదానిని మఱియొకదానికి తగిలించినచో వెలుతురు నష్టమగును. ముక్కు మొనను వ్రేలితో ముట్టరాదు. ధూళికణ మొకటి చాలును దారి మూయుటకు. తగిలించియున్న తీగ మొనలోనికి కంటితో చూడనేరాదు. ఆ వెలుతురు కంటికి కనబడదు గాని హాని చేయగలదు.

మోడెము పెట్టె లోపలి పుటలో చేరుచున్న వెలుతురు బలము డీబీఎం లెక్కలో కనబడును. సాధారణముగ అది ఋణ 8కిని ఋణ 27కిని నడుమ నుండవలయును. ఈ లెక్కలో మూడు తగ్గినచో వెలుతురు సగమైనదని యర్థము. ఋణ 21 అయినచో తీగకు ఓపిక గలదు. ఋణ 26 అయినచో చివరి మడికి బొటాబొటిగ చేరు నీటివంటిది. కొంచెము గాలి వీచినను, ముక్కు కొంచెము జారినను ఎండును. ఈ సంఖ్యను దినమునకొకసారి నోటుబుక్కులో వ్రాయుడు. పనివాడు కాదనలేని సాక్ష్యమిది.

బయటి తీగ, రైతుల బాధ్యత

నాలుగవదైన బయటి తీగ కంపెనీవారి బాధ్యత. అయినను దానిని చెఱచు పనులు కొన్ని సేద్యమువలననే కలుగుచున్నవి. వరిగడ్డి ఎత్తుగ కట్టిన ట్రాక్టరు వీధిలో పోవుచు వ్రేలాడు తీగను లాగికొని పోవును. తీగ క్రింద మోళ్లకు నిప్పు పెట్టినచో పైపొర కరగును. ఆనాడు తెగదు, మొదటి వానకు తెగును. బోదె త్రవ్వు యంత్రము భూమిలోని తీగను కోసివేయును. త్రవ్వుటకు ముందు తీగల యజమానులకు తెలియజేయుటకై 2023 మార్చి 22వ తేదీన కాల్ బిఫోర్ యు డిగ్ అను యాప్ ప్రారంభమైనది. యంత్రముతో త్రవ్వించు ప్రతి రైతును దానిని ఉపయోగించుట ధర్మము. ఒకని బోదెకై పది యిండ్ల తీగ తెగుట సహకార ధర్మము కాదు.

కొన్ని ఆక్షేపణలు

"సొమ్ము చెల్లించువారము మేము, లోపము వెదకుట కంపెనీవారి పని గదా?" యని కొందఱందురు. మాట న్యాయమైనదే. నీటి తీరువ చెల్లించుచున్నను రైతు తన మడి గట్టు తాను కాచుకొనుట మానడు. నోటుబుక్కు కంపెనీవారి పని తగ్గించుటకు కాదు. "లోపము మీ యింటిలోనే యున్నది" అను మాటతో వారు తప్పించుకొనకుండ జేయుటకు. మఱియు, స్తంభమెక్కి తీగ అతుకు పనివాడును మనవంటి కాయకష్టజీవియే. లోపము మన అడాప్టరులో నుండగా అతనిని నాలుగుసార్లు పిలిపించి దూషించుట పాడి కాదు.

"పదునైదు దినములెక్కడ? ఇ-కేవైసీ గడువు ఎల్లుండియే" యని మఱికొందఱందురు. అట్టి తొందరపనిని ఫోను హాట్‌స్పాటుతో గాని, సంఘ కార్యాలయమున గాని ముగించుకొనుడు. జ్వరమునకు తడిగుడ్డ వేయుట వేఱు, జ్వరకారణము వెదకుట వేఱు, రెండును చేయవలసినవే.

"పెట్టె ఆర్పి వెలిగించిన బాగగుచున్నది, ఇంత శ్రమ యేల?" యని కొందఱు. నిజమే, పలుమారు బాగగును. కాని రోజునకు రెండుసార్లు ఆర్పి వెలిగించవలసి వచ్చుచున్నచో అది చికిత్స కాదు. రోగము నోటుబుక్కులోనికి ఎక్కకుండ తుడిచివేయుటయే. ఆర్పుటకు ముందు దీపములు చూచి వ్రాయుడు, పిదప ఆర్పుడు.

ఫిర్యాదు చేయు విధము

మూడు చోటులు పరీక్షించిన పిమ్మట లోపము బయటనున్నదని తేలినచో నోటితో చెప్పి ఊరకుండరాదు. టెలికం నియంత్రణ సంస్థ 2012లో చేసిన నిబంధనల ప్రకారము ప్రతి కంపెనీకిని ఫిర్యాదు కేంద్ర మొకటి యుండవలయును. ఫిర్యాదునకు డాకెట్ నంబరు ఇయ్యవలయును. ఆ నంబరు నోటుబుక్కులో వ్రాసికొనుడు. నంబరు లేని ఫిర్యాదు రసీదు లేని చెల్లింపు వంటిది. పరిష్కారము తృప్తికరముగ లేకున్నచో అదే కంపెనీలోని అప్పీలు అధికారికి అప్పీలు చేసికొనవచ్చును. నియంత్రణ సంస్థ స్వయముగ ఒక్కొక్కరి ఫిర్యాదును విచారింపదు గావున వారికే నేరుగ వ్రాసి నిరీక్షించుట వలన ఫలములేదు. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 అను నంబరున సలహా దొరకును. టెలికం కంపెనీలపై వినియోగదారుల కమిషన్లు విచారింపవచ్చునని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పు చెప్పియున్నది. ఇట్టి చోటులందెల్ల గంట, నిమిషము, దీపము, పొరుగువాని స్థితి వ్రాసిన నోటుబుక్కునకున్న విలువ "ఎప్పుడును సరిగా రాదండి" అను మాటకు లేదు.

సంఘము చేయదగినది

ఇది ఒక్కొక్కరు తమ యింట చేసికొనవలసిన పనియే యైనను సంఘము పూనుకొనినచో పదిరెట్లు సులభమగును. పాలకవర్గము వారికి మూడు మనవులు.

సంఘ కార్యాలయమున ఒక మంచి 12 వోల్టుల అడాప్టరు, ఒక చిన్న యూపీఎస్, ఒక పొడవైన ల్యాన్ తీగ నుంచి, సభ్యులకు పరీక్షకై రెండేసి దినములు ఎరువు ఇప్పింపవలయును. ప్రతి సభ్యుడును అనుమానముతో ఒక్కొక్క వస్తువు కొనుటకంటె అందఱకు ఒక్కటి చాలును. తూనికరాళ్లు, పిచికారి యంత్రములు సంఘమున నుంచుకొనుటవంటిదే యిది.

గ్రామమునకొక చదువుకొన్న యువకునికో యువతికో దీపములు చదువుట, పింగ్ చేయుట, వెలుతురు సంఖ్య చూచుట నేర్పింపవలయును. ఒక పూట శిక్షణ చాలును.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. సభ్యుల నోటుబుక్కులు నెలకొకసారి సంఘమున ఒకచోట చేర్చి పోల్చిచూడవలయును. ఒకే స్తంభపు పెట్టెనుండి తీగ తీసికొన్న ఏడిండ్లలో ఒకే నిమిషమున తెగినచో అది ఏ యింటి అడాప్టరు దోషమును కాదని చిన్నపిల్లవాడును గ్రహించును. ఆ ఏడు పుటలును, ఏడు డాకెట్ నంబర్లును జతపఱచి సంఘము పేర ఒక్క లేఖ వ్రాసినచో కంపెనీవారు దానిని ప్రక్కకు నెట్టజాలరు. ఒంటరి రైతు ధర విషయమున మోసపోవుచుండుట చూచియే గదా సహకార సంఘములు పుట్టినవి; ఒంటరి చందాదారుని సంగతియు అట్టిదే. అంతటి సాక్ష్యము చూపి, ఫిర్యాదు చేసి, అప్పీలు చేసిన పిమ్మటను లైను బాగుపడకున్నచో అప్పుడు కంపెనీ మార్చుట వివేకము. అంతవఱకు మార్చుట, దుక్కి సరిగా లేదని పొలము మార్చుకొనుటవంటిది; క్రొత్త పొలములోనికి మన పాత నాగలియే వచ్చును.

కావున రైతు సోదరులును, సోదరీమణులును, క్రొత్త పెట్టె కొనుటకు అంగడి మెట్టెక్కకముందు పది రూపాయల నోటుబుక్కు ఒకటి కొని పెట్టె ప్రక్కన పెన్సిలుతో సహా కట్టి యుంచవలయునని కోరుచున్నాను. నేటి రాత్రి తెగినచో నేటి రాత్రియే మొదటి పంక్తి వ్రాయుడు. పదునైదు దినములైన పిమ్మట ఆ పుటలను మాస సమావేశమునకు తెండు. కూర్చుండి కలిసి చదువుదము.